అంతా బాగున్నప్పుడే కూలిపోయిన పిల్లాడు

శామ్ కాలేజీకి వెళ్లిపోయింది. ఆమెను సాగనంపి చార్లీ ఇంటికి వస్తాడు. ఇంట్లో ఎవరూ లేరు. వేరే చోట ఉన్న అక్కకి ఫోన్ చేస్తాడు. హెలెన్ పిన్ని చావుకి కారణం నేనే కదా అంటాడు. కాసేపాగి, ఆమె చచ్చిపోవాలని నేనే కోరుకున్నానేమో అని కూడా అంటాడు. తమ్ముడి గొంతు విన్న అక్క అతనితో వాదనకు దిగదు. వెంటనే పక్కనున్నవాళ్లతో, మా ఇంటికి పోలీసుల్ని పంపించమని చెబుతుంది.

'ది పెర్క్స్ ఆఫ్ బీయింగ్ ఎ వాల్‌ఫ్లవర్' సినిమాలో ఈ సీన్ దగ్గర ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. ఇప్పుడెందుకు? ఏడాది మొదట్లో చార్లీకి ఒక్క స్నేహితుడు కూడా లేడు. క్యాంటీన్‌లో ఒంటరిగా కూర్చుని తిన్నాడు. అప్పుడు ఎలాగోలా నెట్టుకొచ్చాడు. ఇప్పుడు స్నేహితులున్నారు, చదవమని పుస్తకాలిచ్చే మాస్టారున్నారు, ఏడాదంతా మూగగా ప్రేమించిన అమ్మాయి కూడా చివరి రాత్రి దగ్గరికి వచ్చింది. మరి ఇప్పుడెందుకు కూలిపోయాడు? అమ్మాయి వెళ్లిపోయింది కాబట్టి అని చెప్పేయొచ్చు. మన సినిమాలు చూసీ చూసీ మనకి ముందుగా తోచే జవాబు అదే. నా లెక్కలో అది తప్పు. దిక్కులేకపోవడం వల్ల కాదు, పడితే పట్టుకునేవాళ్లు దొరికారు కాబట్టే చార్లీ పడిపోయాడు. వినడానికి వింతగా ఉంటుంది గానీ సినిమా మొత్తం ఈ మాట మీదే కట్టి ఉంది. ముగింపు చెప్పకుండా దీని గురించి రాయడం కుదరదు. చూడనివాళ్లు కావాలంటే ఇక్కడ ఆగిపోవచ్చు.

స్టీఫెన్ ఛబోస్కీ ఈ కథని 1999లో నవలగా రాశాడు. 2012లో తానే స్క్రీన్‌ప్లే రాసి, తానే డైరెక్ట్ చేశాడు. కథ జరిగేది అమెరికాలో, పిట్స్‌బర్గ్ నగర శివార్లలో, 1991లో మొదలై మరుసటి ఏడాది దాకా. ఛబోస్కీ పెరిగిందీ ఆ చుట్టుపక్కలే. చార్లీగా లోగన్ లెర్మన్, శామ్‌గా ఎమ్మా వాట్సన్, ఆమె సవతి సోదరుడు పాట్రిక్‌గా ఎజ్రా మిల్లర్ చేశారు. చార్లీ అప్పుడే హైస్కూల్లో చేరాడు, మన లెక్కలో తొమ్మిదో తరగతి. శామ్, పాట్రిక్ ఇద్దరూ పన్నెండో తరగతి. అంటే ఈ స్నేహానికి మొదటి రోజు నుంచే గడువు రాసిపెట్టి ఉంది. ఏడాది తిరిగేసరికి వాళ్లు వెళ్లిపోతారు. స్కూలు మొదలవడానికి కొన్ని నెలల ముందే చార్లీ ప్రాణస్నేహితుడు మైకేల్ ఆత్మహత్య చేసుకున్నాడు. అంతకుముందు, చిన్నప్పుడెప్పుడో పిన్ని పోయింది. చార్లీ ఆస్పత్రిలో కూడా ఉండి వచ్చాడు. ఇంట్లోవాళ్లు ఆ సంగతి పైకి మాట్లాడరు, వాడు బాగానే ఉన్నాడా అన్నట్టు కళ్లతోనే ఒకళ్లనొకళ్లు అడుగుతుంటారు. ఈ చూపులు మన ఇళ్లలో కూడా తెలిసినవే.

వాల్‌ఫ్లవర్ అంటే డాన్స్ పార్టీలో జోడీ దొరక్క గోడకి ఆనుకుని నిలబడిపోయే మనిషి. మనకి సరిగ్గా అలాంటి మాట లేదు గానీ మనిషి మాత్రం ఉన్నాడు. పెళ్లిలో అందరూ స్టేజీ మీద ఫొటోలు దిగుతుంటే కింద కుర్చీలో కూర్చుని అందరి హ్యాండ్‌బ్యాగులూ ఫోన్లూ కాపలా కాసేవాడు. 'నెమ్మదస్తుడండీ, ఎవరి జోలికీ పోడు' అని పెద్దవాళ్లు మెచ్చుకునేది ఆ పిల్లాడినే.

ఒక పార్టీ సీన్ ఉంది, దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఎవరో ఇచ్చిన గంజాయి కలిపిన కేకుముక్క, అదేంటో తెలియక చార్లీ తినేస్తాడు. ఆకలేస్తోందంటే శామ్ వంటింట్లోకి తీసుకెళ్లి మిల్క్‌షేక్ చేస్తుంది. ఆ మత్తులో, ఏదో వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా, నా ఫ్రెండ్ ఆత్మహత్య చేసుకున్నాడు అనేస్తాడు. శామ్ మొహం మారిపోతుంది. ఆమె నీతులు చెప్పదు, ప్రశ్నలు వెయ్యదు. వెళ్లి పాట్రిక్‌తో ఒక్క మాట చెబుతుంది, వీడికి స్నేహితులెవరూ లేరనుకుంటా అని. కాసేపటికి పాట్రిక్ అందరి చేతా చార్లీ పేరిట గ్లాసులెత్తిస్తాడు. నేనేం చేశానని అని చార్లీ తికమకపడతాడు. నువ్వు అన్నీ చూస్తావు, అర్థం చేసుకుంటావు, నువ్వు వాల్‌ఫ్లవర్‌వి అంటాడు పాట్రిక్. ఆ మాటకి ఒక కారణం ఉంది. అంతకుముందే చార్లీ పొరపాటున ఒక గది తలుపు తీశాడు. లోపల పాట్రిక్, స్కూలు ఫుట్‌బాల్ టీమ్‌లో ఆడే బ్రాడ్‌తో ఉన్నాడు. వాళ్లిద్దరూ ప్రేమలో ఉన్న సంగతి బయటికి పొక్కితే బ్రాడ్ బతుకు అయిపోయినట్టే. చార్లీ ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు, చెప్పలేదు.

మొదటిసారి చూసినప్పుడు ఆ సీన్ నాకు తీయగా అనిపించింది. రెండోసారికి గుబులేసింది. ఆ కుర్రాడిలో అందరూ మెచ్చుకుంటున్న గుణం ఏమిటి? చూసి, తెలుసుకుని, ఎవరికీ చెప్పకుండా ఉండడం. ఇంట్లోనూ అంతే. అక్కని ఆమె బాయ్‌ఫ్రెండ్ కొట్టడం కళ్లారా చూస్తాడు, చెప్పొద్దని అక్క బతిమాలుతుంది. రహస్యాలు దాచడంలో చార్లీకి ఎవరూ సాటిరారు. అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, చిన్నప్పుడు ఒకరు నేర్పింది.

నేర్పింది హెలెన్ పిన్ని. సినిమా ఆమెను చాలాసేపు మంచి మనిషిగానే చూపిస్తుంది, ఆ చూపించడంలో మోసం లేదు. చార్లీకి ఈ లోకంలో అందరికంటే ఇష్టమైన మనిషి ఆమే. ఆమె కూడా చిన్నప్పుడు ఒకరి చేతిలో నలిగినదే. చార్లీ పుట్టినరోజు క్రిస్మస్ ముందురోజు. వాడికి బహుమతి కొనడానికి వెళ్తూ కారు ప్రమాదంలో పోయింది. ఈ ముక్క మనకి ముందే తెలుసు. ఆ తర్వాత జ్ఞాపకం వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం తెలుస్తూ ఉంటుంది. మన ఇద్దరి రహస్యం అన్న మాట, కాలి మీద వేసిన చెయ్యి. చివరి రాత్రి శామ్ దగ్గరగా వచ్చి చెయ్యి వేసినప్పుడు చార్లీ ఉలిక్కిపడి వెనక్కి జరుగుతాడు. ఆ క్షణంలో ఆ రెండు చేతులూ ఒకటైపోతాయి. చిన్నప్పుడు పిన్ని తనని లైంగికంగా వాడుకుందన్న నిజం మరుసటి రోజుకి పైకి తేలుతుంది.

ఇక్కడి చిక్కుముడి విప్పకపోతే సినిమా అర్థం కాదు. చెడ్డవాడు చెడు చేస్తే పిల్లలకి కనీసం కోపమన్నా వస్తుంది. ప్రేమించిన మనిషే, నిజంగా ప్రేమ పంచిన మనిషే చెడు చేస్తే ఆ కోపానికి చోటుండదు. దానికి తోడు, ఆమె నా బహుమతి కోసం వెళ్లి చచ్చిపోయింది. ఇక ఆమెను తప్పుపట్టేదెలా? తప్పంతా పిల్లాడు తన మీదే వేసుకుంటాడు. ఫోన్‌లో అక్కతో అన్న ఆ రెండు మాటల్లో మొదటిది ఏళ్లుగా మోస్తున్న అపరాధభావం. రెండోది, ఆమె పోవాలని కోరుకున్నానేమో అన్నది, అన్నేళ్ల తర్వాత మొదటిసారి నోరు తెరిచిన కోపం. ఆ కోపాన్ని చూసి తనే హడలిపోయాడు.

మరి అన్నేళ్లూ అది ఎక్కడుంది? మామూలు జ్ఞాపకం కథలా ఉంటుంది. మొదలు, చివర, ఫలానా రోజు, ఫలానా ఊరు. భయంతో ఒళ్లు బిగుసుకుపోయినప్పుడు పడిన జ్ఞాపకం చాలామందికి ముక్కలుగా ఉంటుంది. ఒక వాసన, ఒక గొంతు, చర్మం మీద ఒక స్పర్శ. అలాంటి స్పర్శే మళ్లీ తగిలితే, ఎప్పుడో జరిగింది గుర్తొచ్చినట్టు ఉండదు, ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. మనసు దాన్నుంచి తప్పించుకోవడానికి ఒక్కోసారి మనిషిని ఉన్నచోటే ఉంచి స్విచ్ కట్టేస్తుంది. క్యాంటీన్‌లో బ్రాడ్ స్నేహితులు పాట్రిక్‌ని కొడుతుంటే చార్లీ పరుగెడతాడు. తర్వాత తెర మీద ఏమీ కనబడదు. మళ్లీ కనబడేసరికి ఆ కుర్రాళ్లు కింద పడి ఉంటారు, చార్లీ తన కమిలిన చేతివేళ్లని ఎవరివో అన్నట్టు చూసుకుంటూ ఉంటాడు. దీన్ని చాలామంది హీరోయిజంగా చూసి చప్పట్లు కొడతారు. ఫైట్‌ని చూపించకుండా కోసేశాడంటేనే డైరెక్టర్ ఏం చెప్పదలుచుకున్నాడో తెలుస్తోంది. చార్లీ ఆ ఫైట్‌లో లేడు.

ఇలాంటి వాటికి పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత మనసుని వెంటాడే జబ్బు) అన్న పేరు అమెరికన్ సైకియాట్రీ వాళ్ల అధికారిక గ్రంథంలోకి 1980లో ఎక్కింది. అదీ ఎక్కువగా వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల పుణ్యమా అని. ఇంటి గోడల మధ్య దెబ్బతిన్నవాళ్లకీ అదే జరుగుతుందని జ్యూడిత్ హెర్మన్ అనే సైకియాట్రిస్టు 'ట్రామా అండ్ రికవరీ' అన్న పుస్తకంలో గట్టిగా వాదించింది. అది వచ్చింది 1992లో, సరిగ్గా చార్లీ కూలిపోయిన ఏడాది. కోలుకోవడంలో మూడు దశలున్నాయంటుంది హెర్మన్. మొదటిది భద్రత. రెండోది జరిగింది గుర్తుచేసుకుని, పోగొట్టుకున్నదానికి ఏడవడం. మూడోది మళ్లీ మనుషుల్లో కలవడం. ఇందులో వరసే ముఖ్యం. భద్రత లేకుండా గుర్తుచేసుకోవడం మొదలుపెడితే మనిషి ఇంకా చితికిపోతాడు.

మొదట అడిగిన 'ఇప్పుడెందుకు'కి జవాబు ఆ వరసలో ఉంది. శామ్, పాట్రిక్ చార్లీకి ఇచ్చింది వైద్యం కాదు, మొదటి దశ. ఏడాది పాటు ఎవరో ఒకరు భోజనానికి పక్కన కూర్చున్నారు, పేరు పెట్టి పిలిచారు, రాత్రిపూట కారులో ఎక్కించుకుని తిప్పారు. తప్పు చేస్తే దూరం పెట్టారు, మళ్లీ రానిచ్చారు. ఈ మళ్లీ రానివ్వడం తక్కువేం కాదు. ఆటలో అందరిముందూ ఇక్కడున్నవాళ్లలో అందమైన అమ్మాయిని ముద్దు పెట్టుకోమంటే, తన గర్ల్‌ఫ్రెండ్ మేరీ ఎలిజబెత్‌ని పక్కనపెట్టి శామ్‌ని పెట్టుకున్నాడు. దానికి శిక్షగా కొన్నాళ్లు వెలి వేశారు. ఆ రోజుల్లోనే చార్లీ బుర్ర అదుపు తప్పడం మొదలైంది. తిరిగి కలుపుకున్నాక తెలిసింది, తప్పు చేసినా మనుషులు చచ్చిపోరని. పిన్ని విషయంలో అతను నేర్చుకున్న పాఠం దానికి సరిగ్గా ఉల్టా.

జ్ఞాపకం తిరిగొచ్చే తీరు మాత్రం సినిమాలో ఉన్నంత శుభ్రంగా ఉండదని చెప్పాలి. ఏళ్లకేళ్లు పూర్తిగా పాతిపెట్టిన జ్ఞాపకం ఒక్క స్పర్శతో సీన్ తర్వాత సీన్‌గా బయటికొస్తుందా అన్నది మానసిక శాస్త్రంలో పెద్ద గొడవ. తొంభైల్లో అది కోర్టుల దాకా వెళ్లింది. చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయావని ఇంట్లోవాళ్ల పేరు చెప్పి నమ్మిస్తే, ఎన్నడూ జరగని ఆ సంఘటన సుమారు నాలుగో వంతు మందికి కొంతో గొప్పో 'గుర్తొచ్చిందని' ఎలిజబెత్ లాఫ్టస్ అనే సైకాలజిస్టు 1995లో చూపించింది. అంటే బాధితులు అబద్ధం చెబుతున్నారని కాదు. జ్ఞాపకం వీడియో క్యాసెట్ లాంటిది కాదని. చాలామంది బాధితుల విషయంలో జరిగేది మర్చిపోవడం కాదు, దాని వైపు చూడకుండా ఉండడం. కనిపిస్తూనే ఉన్న గదికి తాళం వేసి, ఆ వరండాలో నడవడం మానేయడం లాంటిది. చార్లీని అలా చూస్తేనే నాకు నమ్మబుద్ధి అవుతుంది. క్రిస్మస్ వచ్చిన ప్రతిసారీ కుదేలవుతున్న పిల్లాడికి ఏమీ తెలియదని ఎలా అనుకోను?

ఇంగ్లిష్ మాస్టారు ఒకచోట అంటారు, మనకి ఎంత ప్రేమ దక్కాలని మనం అనుకుంటామో అంతటితోనే సరిపెట్టుకుంటామని. ఈ డైలాగ్ ఇన్‌స్టాగ్రామ్‌లో తిరిగీ తిరిగీ అరిగిపోయింది. పోస్టుల్లో లేనిదేంటంటే, ఆ మాట చార్లీ ఏ ప్రశ్నకి జవాబుగా విన్నాడన్నది. మంచివాళ్లు తమని తొక్కేసేవాళ్లని ఎందుకు ఎంచుకుంటారని అడిగాడు. అడిగింది అక్క కోసం, తర్వాత శామ్ కోసం. శామ్‌కి మొదటి ముద్దు పదకొండేళ్లప్పుడు, నాన్న పనిచేసే చోట ఉండే పెద్దమనిషి పెట్టాడు. దాని తర్వాత ఆమె ఎంచుకున్న మగాళ్లందరూ ఆ కొలతకి సరిపోయినవాళ్లే. పాట్రిక్ నలుగురిలో తనని గుర్తుపట్టనట్టు నటించే బ్రాడ్‌తో సర్దుకున్నాడు. ఎదుటివాళ్ల లెక్కలు చార్లీకి బాగా తెలుసు. తన లెక్క మాత్రం వేసుకోలేదు. అందుకే వెళ్లేముందు శామ్ నిలదీస్తుంది. అందరి బతుకుల్నీ నీ బతుకు కంటే ముందు పెట్టి దాన్ని ప్రేమ అనుకుంటే ఎలా అని. పార్టీలో గ్లాసులెత్తి మెచ్చుకున్న గుణాన్నే ఇక్కడ తప్పుబట్టింది.

ఇంటర్ హాస్టల్లో మా రూమ్‌లో ఒకడుండేవాడు. ఎవరికి ఇంటి మీద బెంగ పట్టినా, వీక్లీ టెస్టులో మార్కులు తగ్గి ఇంటికి ఫోన్ చేయడానికి టెన్షన్ పడుతున్నా, వాడి మంచం అంచున చేరేవాళ్లం. చపాతీ తుంచి మనకి పెట్టి వినేవాడు. రెండేళ్లలో నీకేంట్రా సంగతి అని ఒక్కడు అడిగిన గుర్తు లేదు. ఆస్పత్రిలో డాక్టర్ దగ్గర చార్లీ మాట్లాడే సీన్ చూసినప్పుడు నాకు ఆ మంచం గుర్తొచ్చింది. ఇంత బాధ చూడకుండా ఉండడం ఎలాగో చెప్పండి అని చార్లీ బతిమాలతాడు. నిన్నేం బాధిస్తోంది అని డాక్టర్ అడుగుతుంది. నాది కాదు, వాళ్లది, అందరిదీ, అది ఆగదు అంటాడు. ఆ బెడ్ మీద కూర్చుని కూడా ఇతరుల గురించే చెబుతున్నాడు.

అబ్బాయిలకి ఇలాంటివి జరగవన్న నమ్మకం అమెరికాకే పరిమితం కాదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక నివేదిక ఇచ్చింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగారు, అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నవాళ్లు 53.22 శాతం. వాళ్లలో 52.94 శాతం అబ్బాయిలు. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్లో, పిల్లలు నమ్మే స్థానంలో ఉన్నవాళ్లో. అప్పటికి మన శిక్షాస్మృతిలో అత్యాచారం అంటే బాధితురాలు స్త్రీ మాత్రమే. అబ్బాయిల కేసుల్ని 'ప్రకృతి విరుద్ధ' నేరాల కోసం రాసిన 377 సెక్షన్ కింద ఇరికించేవాళ్లు. పిల్లల మీద జరిగే లైంగిక నేరాల్లో, బాధితులు అమ్మాయిలైనా అబ్బాయిలైనా ఒకేలా చూసే పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది 2012 నవంబర్ 14న. కాకతాళీయమే అయినా, ఈ సినిమా అమెరికాలో విడుదలైంది ఆ సెప్టెంబర్‌లో. చట్టం వచ్చినా ఇంట్లో మాట రాలేదు. 'ఆవిడ నిన్ను ఎత్తుకుని పెంచిందిరా' అన్న ఒక్క మాట చాలు, పిల్లాడి నోరు ఇంకో ఇరవై ఏళ్లు మూతపడడానికి. ఎవరైనా ఆ మాట చెప్పుకోవాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లల కోసమైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.

సినిమాతో నాకు పేచీ ఉన్నది ఆస్పత్రి దగ్గర. హెర్మన్ చెప్పిన రెండో దశ ఏళ్లు పట్టే పని, ఇక్కడ కొన్ని నిమిషాల్లో చుట్టేశారు. చార్లీ నోరు విప్పుతాడు, డాక్టర్ తల్లిదండ్రులకి చెబుతుంది, అమ్మ ఏడుస్తుంది, అంతా అద్దం అవతల మాటలు వినబడకుండా. హెలెన్ ఆ అమ్మ తోబుట్టువు. కొడుకు పక్షాన నిలబడాలంటే చనిపోయిన తోబుట్టువు మీద పెట్టుకున్న నమ్మకాన్ని వదులుకోవాలి. నిజానికి అది ఇంకో సినిమా. అలాగని స్నేహితులే జబ్బు నయం చేసేశారని చూపించలేదు, అందుకు మాత్రం మెచ్చుకోవాలి. వాళ్లు చార్లీని చూడ్డానికి వస్తారు, అంతే. చెయ్యాల్సిన పని డాక్టర్ గదిలో చార్లీ ఒక్కడే చేసుకోవాలి.

ఇక సొరంగం. పిట్స్‌బర్గ్‌లో ఫోర్ట్ పిట్ సొరంగం దాటగానే వంతెన, వంతెన మీద నుంచి నగరం మొత్తం ఒక్కసారిగా దీపాలతో కళ్లముందు పరుచుకుంటుంది. పార్టీ అయిన రాత్రి రేడియోలో ఏదో పాట వస్తుంటే శామ్ ట్రక్కు వెనక కిటికీలోంచి బయటికి పాకి, చేతులు చాచి నిలబడుతుంది. ఆ పాట ఏదో ముగ్గురికీ తెలియదు. డేవిడ్ బౌవీ 1977లో పాడిన ప్రసిద్ధమైన పాట 'హీరోస్' అది. పాటల క్యాసెట్లే ప్రాణంగా బతికే పిల్లలకి అది తెలియకపోవడమేంటని చూసినవాళ్లందరూ నవ్వుకున్నారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి చార్లీ లోపల సీట్లో కూర్చుని ఆమెను చూస్తూ ఉంటాడు, అతనికి అలవాటైన పని అదే. ఆస్పత్రి నుంచి వచ్చాక ముగ్గురూ మళ్లీ ఆ దారిన వెళ్తారు. శామ్‌కి ఆ పాట పేరు దొరికింది. ఈసారి కిటికీ దాటి వెనక్కి వెళ్లి నిలబడింది చార్లీ.